ఆ గాంధారం నీ తీగలోనే ఉంది చెల్లీ

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది చిత్తూరు. తిరుపతి మహిళా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతూ హాస్టల్లో ఉంటున్నాను. చిన్నప్పుడు ఆరేళ్ళు వీణ నేర్చుకున్నాను. రెండేళ్ళుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాను. స్ట్రాట్ ఆకారంలో ఉండే మామూలు గిటార్, తీగ ఊపును పట్టుకునే మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు, హెడ్‌ఫోన్స్ పెట్టుకునే చిన్న ఆంప్ (ఆంప్లిఫయర్). కార్డ్స్, పామ్ మ్యూట్, బెండింగ్ బాగానే వచ్చాయి. పించ్ హార్మోనిక్, అంటే పిక్‌తో (మీటే చిన్న ప్లాస్టిక్ ముక్కతో) కొడుతూనే బొటనవేలు తగిలించి పలికించే సన్నని కీచు స్వరం, మాత్రం మూడు నెలలుగా రావడం లేదు. బొటనవేలు తగిలించమంటారు. తగిలిస్తే ‘టిక్’ అని స్వరం చచ్చిపోతుంది. ఒకరోజు మూడో తీగ ఐదో ఫ్రెట్ (మెట్టు) మీద అనుకోకుండా కీచుమని వచ్చింది, ఒళ్ళు జలదరించింది. వెంటనే ఏడో ఫ్రెట్ మీద ప్రయత్నిస్తే లేదు. మళ్ళీ ఐదుకి వచ్చినా లేదు. ఆంప్‌లో శబ్దాన్ని కరుకుగా పెంచే గెయిన్ మొత్తం పెట్టేశాను. గట్టిగా కొట్టీ కొట్టీ వేలి పక్కన తోలు లేచిపోయింది. సింగిల్ కాయిల్ మీద అది రాదు, హంబకర్ (రెండు కాయిల్స్ ఉండే పికప్) ఉన్న గిటార్ కొనుక్కో, చెన్నై వెళ్ళి చూద్దాం అని మా బ్యాండ్‌లో ఫ్రెండ్ అంటున్నాడు. వాయిదాల మీద తీసుకుందామా అని ఆలోచిస్తున్నాను. ఇంకొక మాట. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఇదే ప్రాక్టీస్ చేస్తుంటే అమ్మ “ఆరేళ్ళు వీణ నేర్పించింది ఈ కీచు చప్పుడు కోసమా” అంది. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. వీణ అలవాటు వల్లే నా చెయ్యి తిరగడం లేదా? ఏం చెయ్యమంటావు?

చెల్లీ,

ముందుగా ఆ వాయిదాల కాగితం మీద సంతకం పెట్టకు. నీ గిటార్ మీద పించ్ హార్మోనిక్ వస్తుంది. వచ్చిందని నువ్వే రాశావు కదా. ఒకసారి పలికిన గిటార్ రెండోసారి పలకనంటుందా? ఆ రోజు నీ వేలు సరైన చోట పడింది, తర్వాత పడలేదు. నీ ఉత్తరంలో ఎంత గట్టిగా కొడుతున్నావో రాశావు, గెయిన్ ఎంత పెట్టావో రాశావు, ఏ పికప్‌లు ఉన్నాయో రాశావు. తీగ మీద నీ బొటనవేలు ఎక్కడ పడుతోందో మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంతే. బలం పెంచుతూ పోతారు, చోటు మాత్రం వెతకరు. అందుకే నేను ఎక్కువగా ఆ చోటు గురించే రాస్తాను.

వీణ అలవాటు నీకు అడ్డం రావడం లేదు. నిజానికి ఈ విషయం నీకు చెప్పినంత సులువుగా నేను ఇంకెవరికీ చెప్పలేను. తంబురా శ్రుతి సరిగ్గా కుదిరిన క్షణం నీకు గుర్తుండే ఉంటుంది. ఉన్నవి నాలుగు తీగలు. ఒకటి పంచమం, రెండు సారణి షడ్జమాలు, చివరిది మంద్ర షడ్జమం. గాంధారానికి తీగే లేదు. అయినా శ్రుతి కుదిరాక మంద్ర షడ్జమంలోంచి అంతర గాంధారం సన్నగా పైకి లేస్తుంది. ఎవరూ మీటకుండా దానంతట అది వినపడుతుంది కాబట్టే పెద్దవాళ్ళు దాన్ని స్వయంభూ గాంధారం అన్నారు. మా పిన్ని తంబురా మీటుతుంటే చిన్నప్పుడు మొదటిసారి అది విని, ఎవరు పాడుతున్నారా అని పక్క గదిలోకి వెళ్ళి చూసి వచ్చాను. నువ్వు మూడు నెలలుగా వెతుకుతున్న కీచు స్వరం ఆ కుటుంబానికి చెందినదే.

తీగను మీటగానే అది మొత్తంగా ఊగుతుంది. అదే సమయంలో సగం సగంగా, మూడో వంతులుగా, నాలుగో వంతులుగా, ఐదో వంతులుగా కూడా ఊగుతూ ఉంటుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో అనుస్వరాలు అని చదువుకున్నాం, అవే ఇవి. సగాల ఊపులో ఒక స్థాయి పైన షడ్జమం ఉంటుంది. మూడో వంతుల్లో దాని పైన పంచమం. నాలుగో వంతుల్లో రెండు స్థాయిలు పైన షడ్జమం. ఐదో వంతుల్లో ఆ షడ్జమం పైన అంతర గాంధారం. ఆరో వంతుల్లో మళ్ళీ పంచమం. ఏడో వంతుల్లో వచ్చేది కైశికి నిషాదానికి దగ్గరగా, కాస్త తగ్గి ఉంటుంది.

ఇవన్నీ ప్రతిసారీ ప్రతి స్వరంలోనూ ఉంటాయి, కాకపోతే మొత్తం తీగ ఊపు కింద అణగి ఉంటాయి. బొటనవేలు కొత్త స్వరాన్నేమీ పుట్టించదు. మీద ఉన్న పెద్ద ఊపును ఆపుతుంది, అంతే. తీగ ఐదో వంతులుగా ఊగేటప్పుడు ఆ ఊపులో అసలు కదలని చోట్లు కొన్ని ఉంటాయి. పుస్తకంలో అస్పందన బిందువులు అంటారు. వేలు అక్కడ తగిలితే ఆ ఊపుకు ఏ నష్టమూ ఉండదు, మిగతావి దాదాపు అన్నీ అణిగిపోతాయి, గాంధారం మిగులుతుంది. వేలు ఆ చోటుకు కాస్త అటో ఇటో పడితే అదీ ఇదీ అనకుండా అన్నీ ఆగిపోతాయి. నువ్వు వింటున్న ‘టిక్’ అదే.

ఇప్పుడు చిన్నప్పటి స్కేలు ఒకటి తీసుకో. స్ట్రాట్ తరహా గిటార్‌లో తీగ పొడవు సాధారణంగా 25.5 అంగుళాలు, అంటే సుమారు 648 మిల్లీమీటర్లు. ఐదో ఫ్రెట్ నొక్కితే అందులో ఊగడానికి మిగిలేది దాదాపు 485. బ్రిడ్జి దగ్గర తీగ ఆనుకుని ఉండే చిన్న లోహపు ముక్క ఉంది కదా, శాడిల్, అక్కడి నుంచి మూడో తీగ పొడవునా కొలువు. 121 మిల్లీమీటర్ల దగ్గర నాలుగో వంతు వస్తుంది, అక్కడ షడ్జమం. 97 దగ్గర అంతర గాంధారం. 81 దగ్గర పంచమం. 69 దగ్గర ఆ తగ్గు నిషాదం. 61 దగ్గర ఇంకా పై స్థాయి షడ్జమం. షడ్జమం నుంచి గాంధారానికి 24 మిల్లీమీటర్ల ఎడం ఉంది. గాంధారం నుంచి పంచమానికి 16. తర్వాత 12, ఆ తర్వాత 8. వీణ మీద పై స్థాయికి పోయేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి చూడు, ఇక్కడ బ్రిడ్జి వైపు పోయేకొద్దీ ఈ చోట్లు అట్లాగే ఇరుకవుతాయి. నీ కుడి చెయ్యి పాట మధ్యలో ఒక సెంటీమీటరు జరగడం నీకు తెలియను కూడా తెలియదు. తీగకు మాత్రం అది వేరే స్వరం, లేకపోతే మౌనం.

ఏడో ఫ్రెట్ సంగతి కూడా ఇందులోనే తేలిపోతుంది. ఏడో ఫ్రెట్ నొక్కితే ఊగే పొడవు 432కి తగ్గుతుంది. షడ్జమం 121 నుంచి 108కి జరిగిపోతుంది. గాంధారం 86 దగ్గరికి, పంచమం 72 దగ్గరికి వస్తాయి. ఆ రోజు నీకు ఐదో ఫ్రెట్ మీద పలికింది 97 దగ్గరి గాంధారమే అనుకుందాం. ఏడో ఫ్రెట్‌కి వచ్చేసరికి అదే 97 షడ్జమానికీ గాంధారానికీ నడుమ ఎటూ కాని చోటు అయిపోయింది. ఎడమ చెయ్యి జరిగింది, కుడి చెయ్యి జరగలేదు. తిరిగి ఐదుకి వచ్చావు సరే, అప్పటికి కుడి చెయ్యి ఎక్కడుందో ఎవరికి తెలుసు? పన్నెండో ఫ్రెట్‌కి పోతే ఇవన్నీ ఇంకా లోపలికి, 81, 65, 54కి వచ్చేస్తాయి. ఈ అంకెలు బట్టీ పట్టమని చెప్పడం లేదు. ఫ్రెట్ మారితే కుడి చెయ్యి కూడా జరగాలి, పైకి పోయేకొద్దీ బ్రిడ్జి వైపు జరగాలి. అది ఒక్కటీ ఒంట్లోకి ఎక్కితే చాలు.

నేను పిల్లలకు చెప్పే చిట్కా ఒకటుంది. స్టిక్కర్ బొట్టుబిళ్ళలు మూడు తీసుకో, బాగా చిన్నవి. 121, 97, 81 దగ్గర తీగ కింద, తీగకు తగలకుండా అంటించు. 97 దగ్గరది ఇంచుమించు మధ్య పికప్ మీద పడుతుంది, దాని ప్లాస్టిక్ మీద అంటిస్తే ఏమీ కాదు. పది రోజులు మూడో తీగ, ఐదో ఫ్రెట్ తప్ప ఇంకెక్కడికీ వెళ్ళకు. విసుగ్గా ఉంటుందని తెలుసు. సరళీ స్వరాలు ఎన్ని నెలలు వాయించావో గుర్తు తెచ్చుకో.

మొదటి రెండు మూడు రోజులు పిక్ పట్టుకోనే వద్దు. గెయిన్ పూర్తిగా తీసెయ్. ఎడమ చేత్తో ఐదో ఫ్రెట్ గట్టిగా నొక్కి, కుడి చూపుడువేలి కొనను 121 బొట్టుకు సరిగ్గా పైన తీగకు ఆనీ ఆనకుండా ఉంచు. అదే చేతి బొటనవేలితో బ్రిడ్జి వైపున మీటి, వెంటనే చూపుడువేలు తీసెయ్. గంట మోగినట్టు సన్నని షడ్జమం వస్తుంది. రాకపోతే చూపుడువేలిని రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరుపుతూ మళ్ళీ మీటు. ఎక్కడో ఒకచోట ఠక్కున తెరుచుకుంటుంది. తర్వాత 97కి పోయి గాంధారం విను, 81కి పోయి పంచమం విను. వినడమే కాదు, మీటే ముందు ఆ స్వరాన్ని నీ గొంతుకు అందే స్థాయిలో ‘గా’ అని పాడి, అప్పుడు మీటు. ఏ స్వరం కోసం పోతున్నావో చెవికి ముందే తెలిస్తే వేలు దానంతట అది సర్దుకుంటుంది. గిటార్ ఒక్కటే నేర్చుకున్నవాళ్ళకు ఈ మెట్టు చాలా కష్టం, వాళ్ళకు ‘కీచు’ అంతా ఒకటిగానే వినపడుతుంది. నువ్వు ఆరేళ్ళు స్వరాలతో బతికినదానివి.

ఈ మూడు చోట్లు కళ్ళు మూసుకుని దొరికిన రోజు పిక్ పట్టుకో.

చాలామంది వీడియోల్లో చూసేది ‘పిక్‌తో కొట్టు, తర్వాత బొటనవేలు తగిలించు’ అని. అట్లా రెండు పనులుగా చేస్తే ఎప్పటికీ రాదు. అది ఒకే కదలిక. పిక్‌ను బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య బాగా లోపలికి పట్టుకో. కొన రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి కనపడాలి. బొటనవేలిలో తీగకు తగలవలసింది గోరు పక్కన, గోరూ చర్మమూ కలిసే మూల. మణికట్టును కొంచెం తిప్పితే ఆ మూల తీగ వైపుకు వస్తుంది. అప్పుడు పైనుంచి కిందికి కొడితే పిక్ తీగను దాటుతుండగానే, దాని వెనకే బొటనవేలి మూల కూడా తీగను రాసుకుంటూ దాటిపోతుంది. దాటిపోవాలి, అక్కడ ఆగకూడదు. నీ ‘టిక్’కు ఇంకో కారణం ఇదే అయి ఉంటుంది, వేలు తీగ మీద కూర్చుండిపోతోంది. గోడకు సున్నం వేసేటప్పుడు కుంచె ఎట్లా తాకి జారిపోతుందో అట్లా తాకాలి.

వీణ అలవాటు అడ్డం వస్తే ఇక్కడ ఒక్కచోటే రావచ్చు. వీణలో చూపుడువేలూ మధ్యవేలూ తీగను మీటి వదిలేస్తాయి, ఆ తర్వాత తీగను ముట్టుకుంటే తప్పు. బొటనవేలికి మీటే పనే లేదు. కాబట్టి మీటిన తీగను మళ్ళీ తాకడమంటే నీ చెయ్యి లోలోపల బెదురుతుంది. అది పోవడానికి మందు ఒక్కటే, మెల్లగా చెయ్యడం. నిమిషానికి ఇరవై ముప్పై సార్లకు మించకుండా, ఒక్కొక్కసారీ ఆగి, ఏ స్వరం వచ్చిందో విని, మళ్ళీ. బొటనవేలి గోరు పొడవుగా ఉంటే ఆ మూల దగ్గర కత్తిరించు, గోరే ముందు తగిలితే టకటకమని శబ్దం తప్ప స్వరం నిలవదు. పిక్ పల్చటిదైతే మార్చు. పల్చటి పిక్ వంగుతుంది, వంగిన పిక్ ఎప్పుడు తీగను వదులుతుందో నీ అదుపులో ఉండదు. ఒక మిల్లీమీటరు, అంతకన్నా మందం ఉన్నది తీసుకో.

తోలు లేచిన వేలితో మాత్రం వద్దు. అది మానేదాకా చూపుడువేలి పద్ధతిలోనే సాధన చెయ్యి. మానాక కూడా ఒక విడతకు పది నిమిషాలు చాలు, రోజుకు రెండు విడతలు. వేలు మండుతోందంటే నువ్వు తీగను రాయడం లేదు, నొక్కుతున్నావని అర్థం. ఈ స్వరానికి బలం అవసరం లేదు.

ఇక గెయిన్. పెట్టవద్దని చెప్పను, చివరికి అది కావాలి. గెయిన్ పెంచినప్పుడు ఆంప్ పెద్ద శబ్దాన్ని ఒక హద్దు దగ్గర కోసేస్తుంది, చిన్న శబ్దాన్ని పైకి లేపుతుంది. అందువల్ల మామూలుగా సన్నగా ఉండే హార్మోనిక్ కూడా స్వరంతో సమానంగా అరుస్తుంది, ఎక్కువసేపు నిలబడుతుంది కూడా. కానీ నేర్చుకునేటప్పుడు మొత్తం పెట్టేస్తే నీ వేలి తప్పులను కూడా అది అంతే పెద్దగా చూపిస్తుంది. పక్క తీగల గోల, చెయ్యి రాసుకున్న చప్పుడు, హమ్, అన్నీ కలిసిపోయి ఏది స్వరమో చెవికి అందదు. గెయిన్ లేకుండా పది సార్లలో నాలుగైదు సార్లు పలికించగలిగాక సగానికి పెంచు. అప్పుడు నీకే ఆశ్చర్యంగా ఉంటుంది. ట్రెబుల్, మిడ్ రెండూ బాగా ఉండనీ. హెవీగా ఉంటుందని మిడ్ పూర్తిగా తగ్గించేసేవాళ్ళు ఉన్నారు, గిటార్ గొంతు ఉండేది అక్కడే.

పికప్ స్విచ్ ఎక్కడ పెట్టుకుంటున్నావో నువ్వు రాయలేదు. బ్రిడ్జి పికప్‌కి పెట్టు. స్ట్రాట్ తరహా గిటార్లలో మధ్య పికప్ శాడిల్ నుంచి సుమారు 98 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. ఇందాక కొలిచిన గాంధారం చోటు 97 కదా. అంటే గాంధారం ఊపుకు కదలికే లేని చోట కూర్చుని ఆ పికప్ వింటోంది. ఇంక దానికి ఏం వినపడుతుంది? మెడ దగ్గరి పికప్ దాదాపు 162 దగ్గర ఉంటుంది, ఐదో ఫ్రెట్‌కి అది సరిగ్గా మూడో వంతు, అక్కడ పంచమం వినపడదు. బ్రిడ్జి పికప్ సుమారు 41 దగ్గర ఉంటుంది కాబట్టి మనం వెతికే స్వరాలేవీ దానికి తప్పిపోవు. ఎవరికైనా ‘వేలు సరిగ్గానే పడుతోంది కానీ వినపడటం లేదు’ అనిపిస్తే నేను మొదట చూసేది ఈ స్విచ్‌నే.

మీ ఫ్రెండ్ చెప్పినదాంట్లో నిజం కొంత ఉంది. హంబకర్ పికప్ నుంచి సిగ్నల్ ఎక్కువ వస్తుంది, హమ్ తక్కువ, గెయిన్ త్వరగా అందుకుంటుంది. అరుపు తేలికవుతుంది. నువ్వు ఎవరి శబ్దం విని ఈ దారి పట్టావో నేను ఊహించగలను. 1987లో రాక్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ బ్యాండ్‌లో చేరిన గిటారిస్టు జాక్ వైల్డ్, లెస్ పాల్ గిటార్ మీద ఈ అరుపునే తన సంతకంగా చేసుకున్నారు. జీజీ టాప్ బ్యాండ్ గిటారిస్టు బిల్లీ గిబ్బన్స్ చేతిలో కూడా 1959 నాటి లెస్ పాల్ ఉంటుంది. అవి హంబకర్లే. అయితే వాళ్ళిద్దరి పక్కన రాయ్ బుకానన్ పేరు కూడా చెప్పుకోవాలి. 1939లో పుట్టి 1988లో పోయిన ఈ అమెరికన్ గిటారిస్టు, ఈ పద్ధతిని తొలిరోజుల్లో వాడి చూపించినవాళ్ళలో ఒకరు. ఆయన వాయించింది టెలికాస్టర్ మీద, సింగిల్ కాయిల్ గిటార్. సింగిల్ కాయిల్ మీద రాదు అనేవాళ్ళకు ఆయన వాయిద్యం వినిపిస్తే చాలు. కొత్త గిటార్ మీద నిజంగా మనసుంటే చదువు అయ్యాక నీ జీతంతో కొనుక్కో, సంతోషంగా కొనుక్కో. ఈ స్వరం రాలేదన్న బాధతో మాత్రం చెన్నై వెళ్ళే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కకు. ఆ గిటార్ ఇంటికొచ్చాక కూడా చోటు తెలియకపోతే అదే టిక్.

డబ్బు పెట్టాలనుకుంటే కొత్త తీగల మీద పెట్టు. ఎన్నాళ్ళయింది మార్చి? తిరుపతి ఎండలో, హాస్టల్ గదిలో చేతి చెమట తీగకు పట్టి నెల తిరిగేసరికి తుప్పు మొదలవుతుంది. తీగ పాతబడితే ముందు చచ్చిపోయేవి పై అనుస్వరాలే. మామూలు స్వరం బాగానే వినపడుతుంది కాబట్టి మనం గమనించం. అన్నిటికన్నా సన్న తీగ 0.009 అంగుళాలు ఉండే సెట్ వేసుకుంటే వేలికి హాయిగా ఉంటుంది. వాయించాక పాత కాటన్ గుడ్డతో ప్రతి తీగా కిందనుంచి కూడా తుడువు.

స్వరం రావడం మొదలయ్యాక ఇంకో రెండు సంగతులు చూసుకో. వాయించని తీగలు నిశ్శబ్దంగా ఉండాలి. లావు తీగల మీద కుడి అరచేతి అంచు ఆననీ, సన్న తీగలను ఎడమ చూపుడువేలి కింది భాగంతో ముట్టి ఉంచు. పామ్ మ్యూట్ వచ్చు కాబట్టి ఇది కష్టం కాదు. రెండోది వైబ్రాటో, నీకు తెలిసిన మాటల్లో కంపితం. హార్మోనిక్ పలికిన మరుక్షణం ఎడమ వేలితో తీగను ఊపితే అది బతుకుతుంది, ఊపకపోతే గోడకు కొట్టిన మేకులా అక్కడే ఉండిపోతుంది. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం పలికించిన వేళ్ళు నీవి. నిజం చెప్తున్నాను, ఈ ఒక్క విషయంలో నా దగ్గర నేర్చుకునే మగపిల్లల కన్నా నువ్వు ఎంతో ముందుంటావు. ఊపు వెడల్పుగా, తొందర లేకుండా ఉండనీ.

బ్యాండ్‌లో వాయించేటప్పుడు పాట మొత్తానికి ఒకటి, మహా అయితే రెండు చోట్ల పెట్టుకో. వాక్యం చివర పెడితే బాగుంటుంది.

అమ్మ మాట గురించి. సగం రాత్రి ఆలోచించాకే ఇది రాస్తున్నాను. అమ్మకు ఆ కీచు బాగాలేదంటే అమ్మ చెవి తప్పు అనుకోకు. గెయిన్ మొత్తం పెట్టి, స్వరం పలకక, టిక్ టిక్ మధ్యలో ఎప్పుడో ఒక అరుపు వస్తుంటే ఎవరికైనా అట్లాగే ఉంటుంది. ఆరేళ్ళు నిన్ను పాఠానికి పంపి, ఫీజు కట్టి, పక్కన కూర్చుని విన్న మనిషికి ఇంట్లో వీణ మూగగా ఉండటం బాధగా ఉండి ఉంటుంది. ఆ బాధ గిటార్ మీదికి మళ్ళింది. నువ్వు వీణను వదిలేశావా, పక్కన పెట్టావా అన్నది నాకు తెలియదు, ఉత్తరంలో లేదు. అది అమ్మతో మాట్లాడాల్సిన సంగతి, మాట్లాడు.

ఈసారి చిత్తూరు బస్సెక్కినప్పుడు గిటార్ తీసుకుపో, ఆంప్ గెయిన్ ముట్టుకోకు. ముందు ఇంట్లో ఉన్న వీణ శ్రుతి చెయ్యి. సారణి తీగ మీద పన్నెండో మెట్టుకు సరిగ్గా పైన వేలు ఆనీ ఆనకుండా ఉంచి మీటు, పై షడ్జమం గంటలా పలుకుతుంది. ఏడో మెట్టు పైన అట్లాగే తాకి మీటితే దాని పైన పంచమం. అమ్మను పిలిచి ఇది వినిపించు. తర్వాత గిటార్ తీసి, ఐదో ఫ్రెట్ నొక్కి, గెయిన్ లేకుండా, నెమ్మదిగా గాంధారం పలికించి ‘ఇదేం స్వరం చెప్పమ్మా’ అని అడుగు. ఆరేళ్ళు నీ పాఠాలు విన్న చెవి అది, పోల్చుకోగలదు. పోల్చుకున్నాక కూడా నచ్చలేదంటే నచ్చలేదనే అననీ. కనీసం నువ్వు రాత్రీ పగలూ వెతుకుతున్నది ఏమిటో ఆమెకు తెలుస్తుంది.

హాస్టల్లో రూమ్మేట్స్ నిద్రపోయే వేళలో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా పిక్ టకటక వాళ్ళకు వినపడుతూనే ఉంటుంది. చూపుడువేలి సాధన ఆ వేళకు పెట్టుకో, పిక్ సాధన సాయంత్రం టీ టైమ్‌కు. నెల రోజుల తర్వాత ఫోన్‌లో ఒక రికార్డింగ్ చేసి, మొదటి రోజు దాంతో పోల్చు. కాబట్టి మొదటి రోజుది కూడా ఇవాళే రికార్డ్ చేసి పెట్టుకో, ఎంత ఘోరంగా ఉన్నా సరే. నెల తర్వాత కూడా టిక్ అనే అంటుంటే ఆ రెండూ నాకు పంపు. గిటార్‌ను పైనుంచి చూపిస్తూ, కుడి చెయ్యీ బొట్టుబిళ్ళలూ కనపడేట్టు వీడియో తీసి పంపితే ఇంకా మేలు, వేలు ఎక్కడ పడుతోందో చూసి చెప్తాను.

చేతికి చోటు తెలిశాక ఆ బొట్టుబిళ్ళలు తీసెయ్, లేకపోతే కళ్ళు వాటికే అలవాటు పడతాయి. ముందు 81ది తియ్యి, వారం తర్వాత 121ది, గాంధారానిది ఆఖరున. జిగురు మరక మిగిలితే దూదికి ఒక చుక్క కొబ్బరినూనె అద్ది తుడిస్తే పోతుంది. ఆ నూనె తీగలకు మాత్రం అంటనివ్వకు.